డ్రమ్ము మీద తెల్లగుడ్డ

ఆ ఇంట్లో తెల్లవారడమంటే పొయ్యి మీద నీళ్ళు మరగడమే. పెద్ద గిన్నెలో పాప పాలసీసాలు, వాటి మధ్య చెంచాలు, ఒక్కోసారి మామయ్య కళ్ళద్దాలు కూడా కుతకుతలాడుతూ కనిపిస్తాయి. ఒకసారి అలా ఉడికి ఫ్రేము వంకర తిరిగిపోతే, కొత్తవి చేయించుకునేదాకా ఆయన లోకాన్ని ఏటవాలుగా చూశాడు.

"నన్ను కూడా అందులో వేసి ఓ ఉడుకు ఉడికించవే, పీడా పోతుంది," అన్నాడు అప్పట్లో.

"మీరు పట్టే గిన్నె మనింట్లో లేదు," అంది అత్తయ్య తొణక్కుండా.

వీధిలో ఆవిడని సబ్బుబిళ్ళ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. "మురికిబిళ్ళ అనలేదుగా, సంతోషం," అని ఊరుకుంటుంది. కొట్టువాడు ఇచ్చిన చిల్లర కడిగిగానీ డబ్బాలో వేయదు. పాప నేల మీద పాకాలంటే ముందు ఆ నేల ఆవిడ చేతిలో పరీక్ష పాసవ్వాలి.

కోడలు మాత్రం తక్కువ తిందా! పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. స్నానపు నీళ్ళలో ముందు మోచెయ్యి ముంచుతుంది, నమ్మకం చాలక రెండో మోచెయ్యి కూడా ముంచుతుంది.

"ఏమండీ, పాప ఒళ్ళు వెచ్చగా లేదూ?" అంది ఆ పొద్దున కూడా, బస్సు డ్యూటీకి చొక్కా తొడుక్కుంటున్న మొగుడితో.

"బతికున్న మనిషి ఒళ్ళు వెచ్చగానే ఉంటుంది. చల్లగా ఉంటే అప్పుడు పిలువు," అని అతను చెప్పుల కోసం వెతుక్కున్నాడు. "మా అమ్మ ఒక్కతే అనుకున్నాను. ఏరికోరి ఇంకో అమ్మని తెచ్చుకున్నాను."

ఆమె నవ్వలేదు. చెవి పెరటి వైపు ఉంది. పెరట్లో మామయ్య ముఖం కడుక్కుంటూ దగ్గుతున్నాడు. దగ్గు ఆగాక వచ్చే ఆ ఈల లాంటి ఊపిరి కోసం ఇంట్లో వాళ్ళందరూ పైకి కనపడకుండా ఎదురుచూస్తారు. అది వినపడ్డాకే ఎవరి పనిలో వాళ్ళు పడతారు.

మామయ్య వయసంతా వరి మడిలో గడిచింది. ఆకుల మీద అగ్గితెగులు కనిపించడం ఆలస్యం, మందు కలిపి, పంపు భుజానికెత్తుకుని, ముక్కుకి గుడ్డన్నా కట్టకుండా చేనంతా తిరిగేవాడు. "గాలివాటం తెలిసినవాడికి గుడ్డ ఎందుకు?" అనేవాడు. గాలి మాత్రం ఆయన మాట ఎప్పుడూ విన్నట్టు లేదు. కిందటి పంటకి ఊపిరాడక కూలబడితే ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఛాతీకి ఫోటోలు తీయించి, "ఇక ఆ మందు వాసన కూడా పడకూడదు, ఈ ఊపిరితిత్తులు ఇంకోసారి తట్టుకోలేవు," అని తేల్చేశాడు.

అయినా పంపుని అటక మీద పెట్టాడే గానీ వదిలించుకోలేదు. కొడుకు మందు కొడతానంటే ఒప్పుకోడు. "బస్సు తోలినట్టు కాదురా అది," అంటాడు. చివరికి కోడలు బతిమాలితే ఒక మాట ఇచ్చాడు.

"ఈ ఒక్క పంటా నీ ఇష్టం, అమ్మాయ్. పైరు నిలబడిందా, ఆ పంపుని పాత ఇనుముకి వేసేస్తాను. నిలబడలేదా, నేను పంపెత్తుకుంటే ఒక్కరు కూడా అడ్డం రాకూడదు."

ఆ మాటకి ఆమె సరేనంది.

ఆమెకి దారి చూపింది పరిశోధన క్షేత్రంలో పనిచేసే పంటల డాక్టరమ్మ. మామయ్యని తీసుకుని అక్కడికి వెళ్ళినప్పుడు ఆవిడ సూక్ష్మదర్శినిలోంచి ఒక చుక్కని చూపించింది. ఆ చుక్కలో సన్నటి పుల్లముక్కల లాంటివి గిలగిల్లాడుతున్నాయి. బడి మధ్యలో ఆగిపోయిన పిల్ల ఆమె. సూక్ష్మజీవుల పాఠం సగంలో ఉండగానే పుస్తకాలు మూతపడ్డాయి. ఆ మిగిలిన సగం ఇన్నేళ్ళకి గాజుపలక మీద కదులుతుంటే కళ్ళు తిప్పుకోలేకపోయింది.

"ఇవి మట్టిలో ఉండేవే. వరి వేళ్ళ చుట్టూ, ఆకుల మీదా ముందుగా కాపురం పెట్టేస్తే, తెగులు తెచ్చే బూజుకి చోటు దొరకదు," అంది డాక్టరమ్మ. "కొంత బూజుని ఇవే అణిచేస్తాయి. పాలలో తోడు వేసినట్టు బెల్లం నీళ్ళలో ఈ సీసా కలిపి పెంచుకో. కానీ ఇవి ప్రాణమున్నవి, గుర్తుంచుకో."

కోడలు దాన్ని విత్తనాలకి పట్టించింది. నారు వేళ్ళని అందులో ముంచి నాటించింది. తర్వాత పెరట్లో, పాప పడుకునే గది కిటికీకి కాస్త ఎడంగా, నీలం డ్రమ్ములో బెల్లం నీళ్ళు పోసి పెంచడం మొదలుపెట్టింది. మొగుడు డ్యూటీ దిగి వచ్చిన సాయంత్రాల్లో, డాక్టరమ్మ ఇప్పించిన కొత్త చేతిపంపుతో ఇద్దరూ పైరు మీద చల్లారు. డ్రమ్ములో ఏముందని అత్తయ్య అడిగితే, "మందే అత్తయ్యా, పొలానికి," అని ఊరుకుంది. పురుగుల్ని పెంచుతున్నానని ఆవిడతో చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

ఆ పొద్దున మొగుడు బస్సెక్కి వెళ్ళిన కాసేపటికే మామయ్య మడి నుంచి తిరిగొచ్చాడు. రోజూ ఎండెక్కాక గానీ రాని మనిషి. గుమ్మంలో నిలబడి చెయ్యి చాచాడు. అరచేతిలో వరి ఆకులు. వాటి మీద నూలుకండెల్లా మచ్చలు, అంచు గోధుమరంగు, మధ్యలో బూడిద.

కోడలు ఒక ఆకు తీసి చూసింది. "అన్నిటికీ ఉందా మామయ్యా?"

"గట్టు మూల నుంచి లోపలికి పాకింది. పైరు చిరుపొట్ట మీదుంది, లోపల వెన్ను కడుతోంది. వెన్ను బయటికొచ్చేటప్పుడు ఇది మెడకి పట్టిందంటే, కంకులన్నీ విరిగి వేలాడతాయి. లోపల గింజ ఉండదు, తాలు మిగులుతుంది." ఆయన ఆకుల్ని అరుగు మీద పడేశాడు. "అమ్మాయ్, ఒక్కటడుగుతాను, ఏమనుకోకు. మీ ఇద్దరూ కొట్టింది మందా, నీళ్ళా?"

ఆ ప్రశ్న చెంపదెబ్బలా తగిలింది. "మామయ్యా, డాక్టరమ్మ చెప్పినట్టే..."

"డాక్టరమ్మ తిండి డాక్టరమ్మకి ఉంది. మన తిండి ఆ మడిలో ఉంది." నిచ్చెన తెచ్చి అటకకి ఆనించాడు. "మాటంటే మాటే కదా. తప్పుకో."

"ఎక్కకండి, ముందు ఆయన్ని రానివ్వండి!"

"వాడొచ్చేసరికి గాలి లేస్తుంది." రెండు మెట్లు ఎక్కాడో లేదో దగ్గు మొదలైంది. నిచ్చెన పట్టుకునే దగ్గాడు. ఈల లాంటి ఊపిరి రావడానికి ఆలస్యమైంది. ఆమె నిచ్చెన కాళ్ళు గట్టిగా పట్టుకుని నిలబడింది. ఆ ఊపిరి వినపడేదాకా తనూ ఊపిరి పీల్చలేదు. ఆయన అయినా దిగలేదు. పంపు తీసుకునే దిగాడు.

ఆమె పెరట్లోకి పరుగెత్తింది. డ్రమ్ములో ఉన్నది ఇప్పుడే ఇంకోసారి చల్లేస్తే? ఈసారి చిక్కగా చల్లితే? ఏదో ఒకటి చేయాలి కదా. డ్రమ్ము మీద కట్టిన గుడ్డ విప్పబోయి ఆగిపోయింది.

గుడ్డ తెల్లగా ఉంది.

తను కట్టినప్పుడు పాత గుడ్డే. బెల్లం మరకలతో టీ వడకట్టిన గుడ్డలా ఉండేది. ఇప్పుడు ఆసుపత్రి దుప్పటిలా మెరిసిపోతోంది. సాయంత్రపు మసకలో విప్పి కట్టడమే గానీ, పట్టపగలు దాన్ని చూడలేదు. విప్పి లోపలికి వంగింది. మొదటిసారి డ్రమ్ములో కనిపించిన సన్నటి పచ్చఛాయ లేదు, పైన నురగ లేదు, ఆ పులుపు వాసనా లేదు. ఈ మధ్య వాసన రావడం లేదని తనే సంతోషించింది కూడా, పాపకి ఇబ్బంది లేదులే అని. ఇప్పుడు ముక్కు దగ్గరగా పెడితే ఒకటే వాసన. స్నానాలగది నేల వాసన. బ్లీచింగ్.

దండెం మీద పాప లంగోటీలు ఆరేస్తున్న అత్తయ్య వైపు తిరిగింది.

"అత్తయ్యా, ఇందులో ఏమైనా వేశారా?"

"వేశానమ్మా," అంది ఆవిడ లంగోటీకి క్లిప్పు పెడుతూ. తీరిగ్గా చెప్పింది. "మీ మొదటి డ్రమ్ము అయిపోయాక చూశాను, అడుగున జిగురు, అంచుల్లో నురగ, ఒకటే కంపు. పక్కనే పసిపిల్ల. అప్పట్నుంచీ చిటికెడు చిటికెడు వేస్తున్నాను. గుడ్డ కూడా ఉతికాను. నీకు తీరిక లేక వదిలేశావనుకున్నాను."

"చంపేశారు," అంది కోడలు. "మొత్తం చంపేశారు అత్తయ్యా! ఆ తర్వాత మేము చల్లిందంతా నీళ్ళే, మామయ్య అన్నదే నిజం! ఇంట్లో ఒక్క వస్తువుని దాని మానాన బతకనివ్వరా మీరు?"

ఆవిడ చేతిలో లంగోటీ ఆగిపోయింది. "ఏం చంపాను?"

"అందులో ఉన్నది మందు కాదు, సూక్ష్మక్రిములు! మంచివి! తెగులుని ఆపేవి!"

"క్రిములా?" ఆవిడ కిటికీ వైపు చూసింది. "నా మనవరాలి కిటికీ పక్కన క్రిముల్ని పెంచుతున్నావా? తెలిసి, తెలిసి పెంచుతున్నావా? నీకు బుద్ధుందా అసలు?"

"మీకు చెప్పినా అర్థం కాదని..."

"అవును, నాకేం అర్థమవుతుంది! నేల తుడిచే మనిషిని!" ఆవిడ లంగోటీని దండెం మీదకి విసిరింది. "అందరూ నవ్వేవాళ్ళే. వీధంతా నవ్వుతుంది, ఈయన నవ్వుతాడు, నా కొడుకూ నవ్వుతాడు. ఆ కొడుకు పాలు తాగే వయసులో నీళ్ళ విరేచనాలతో నా ఒళ్ళో ఎలా పడున్నాడో వాడికేం తెలుసు? కళ్ళు లోపలికి పోయి, ఏడుద్దామన్నా కన్నీళ్ళు రాలేదే వాడికి. కడిగాననే అనుకున్నాను నేను, వాడికి పాలు పట్టిన గిన్నె. కంటికి తళతళా మెరిసింది. డాక్టరు, 'కనపడనిది పట్టిందమ్మా' అన్నాడు. అప్పట్నుంచీ కనపడనిదాన్ని నేను నమ్మలేదు. నువ్వేమో దాన్ని తెచ్చి బెల్లం పోసి పెంచుతానంటావు."

పాప ముక్కు దగ్గర తన వేలు, నీళ్ళలో తన మోచేతులు, అన్నీ ఒక్కసారి కోడలి కళ్ళముందు తిరిగాయి. ఈవిడ తనకి అత్త అని ఇన్నాళ్ళూ తెలుసు. ఒకప్పుడు చంటిబిడ్డని ఒళ్ళో వేసుకుని బెదిరిపోయిన పిల్ల అని ఇప్పుడే తెలిసింది. ఒక్కసారి కూర్చోబెట్టి, అత్తయ్యా ఇది ఇదీ, అని చెప్పి ఉంటే? అర్థం కాదేమోనని కాదు, కాదంటుందేమోనని దాచింది. అదీ నిజం.

గుమ్మంలో పంపు పట్టుకుని నిలబడ్డ మామయ్య అంతా విన్నాడు. పంపుని మెల్లగా కింద పెట్టాడు.

"అయితే ఇన్నాళ్ళూ తెగులుకి మందే పడలేదన్నమాట," అన్నాడు. "ఇంకేం, ఇద్దరూ కలిసి నన్ను గెలిపించారు." నవ్వబోతే దగ్గొచ్చింది.

దగ్గు తగ్గేదాకా ఆడవాళ్ళిద్దరూ చెరోవైపు వీపు రాశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మామయ్య వీపు మీద మాత్రం ఇద్దరి చేతులూ ఒకదానికొకటి తగులుతూనే ఉన్నాయి.

"మామయ్యా, డాక్టరమ్మని అడిగొస్తాను. అంతవరకూ ఆగండి," అంది కోడలు.

"నేనూ వస్తాను," అంది అత్తయ్య, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "నేను అడగాల్సినవి నాకున్నాయి."

పరిశోధన క్షేత్రంలో అత్తయ్య కుర్చీని కొంగుతో తుడిచి కూర్చుంది. సూక్ష్మదర్శిని కంటికి ఆనించుకునే ముందు దాన్నీ తుడిచింది. చాలాసేపు చూసింది.

"ఇవా," అంది చివరికి. "ఇంత కంగారుగా తిరుగుతాయేం, మా కోడలిలా." తల ఎత్తి సూటిగా అడిగింది. "అమ్మా, ఒకటే చెప్పు. మా పసిపిల్లకి వీటివల్ల ఏమన్నా అవుతుందా?"

డాక్టరమ్మ ఆ ప్రశ్నని తేలిగ్గా తీసుకోలేదు. "ఇవి నేలలో ఉండేవే. అయినా పసిపిల్లల చేతికి అందనివ్వకూడదు, చల్లేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి, తర్వాత చేతులు కడుక్కోవాలి. అసలు భయం వీటితో కాదు. నీళ్ళు శుభ్రంగా లేకపోతే, కలిపే కర్ర శుభ్రంగా లేకపోతే, ఇవి పెరగాల్సిన చోట ఇంకేవో పెరుగుతాయి. చాలా ఇళ్ళలో డ్రమ్ము చెడేది అందుకే. ముందు డ్రమ్ము కడిగి, మళ్ళీ మళ్ళీ మంచినీళ్ళతో తొలిచి, ఎండబెట్టాలి. నీళ్ళు మరిగించాలి. పూర్తిగా చల్లారాకే సీసా కలపాలి. కలిపాక మాత్రం బ్లీచింగ్ గానీ సబ్బు గానీ దగ్గరికి రాకూడదు."

అత్తయ్య నడుం నిటారుగా అయింది. "నీళ్ళు మరిగించడమా? అంతేనా?"

"అదే ఎవరూ సరిగ్గా చెయ్యరండీ."

కోడలు పెదవి కొరుక్కుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"కానీ ఒకటి," అంది డాక్టరమ్మ. "పడిన మచ్చలు పోవు. ఇది మంత్రం కాదు. వచ్చే ఆకుల్ని, వెన్నుల్ని కాపాడుకునే ప్రయత్నం, అంతే. యూరియా ఆపేయండి. మడి ఎండనివ్వకండి. మచ్చ ఇంకా లోపలికి పాకితే దాచకుండా నాకు చెప్పండి. అప్పుడు మందు కొట్టక తప్పకపోతే, జాగ్రత్తలన్నీ తీసుకుని మా మనుషులే కొడతారు. మీ మామగారు మాత్రం వద్దు."

కొత్త సీసాని ఇంటిదాకా అత్తయ్యే పట్టుకొచ్చింది. బస్సులో ఎవరో పక్కన కూర్చోబోతే, "కాస్త జరిగి కూర్చో నాయనా, ఇందులో ప్రాణాలున్నాయి," అంది. వాడు లేచి వెనక సీట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి డ్రమ్ము చుట్టూ అత్తయ్య రాజ్యం మొదలైంది. దాన్ని పాప కిటికీ నుంచి పెరటి ఆ చివరికి జరిపించింది, చుట్టూ దడి కట్టించింది. మరిగించి చల్లార్చిన నీళ్ళు, ఎండలో ఆరిన కర్ర, ఉడికించి ఆరేసిన గుడ్డ. కొడుకు తొంగిచూడబోతే, "బస్సు దిగిన చేతులు! దూరం, దూరం," అని తరిమింది. పక్కింటి టైలరమ్మ ఏమిటా హడావుడి అని అడిగితే, "తోడు వేశాను, గట్టిగా మాట్లాడకు," అంది. నీళ్ళలో మళ్ళీ పచ్చఛాయ కనిపించిన పొద్దున కోడల్ని నిద్రలేపి మరీ చూపించింది. ఇద్దరూ డ్రమ్ము మీదకి వంగి, ఉయ్యాల్లోకి వంగినట్టే చూశారు.

సాయంత్రం ఎండ దిగాక మొగుడూ పెళ్ళాలు ముక్కుకి గుడ్డలు కట్టుకుని చల్లుతుంటే, మామయ్య గట్టు మీద కూర్చుని చూసేవాడు. ఆయనకీ భయమేనని కోడలికి అప్పుడు అర్థమైంది. వయసంతా తెగులుతో తలపడిన మనిషి చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో. ఇంట్లో పంపు గుమ్మం పక్కనే ఉంది. దాన్ని దాటినప్పుడల్లా ఆమె కళ్ళు తిప్పుకునేది.

వెన్నులు పైకి వచ్చాయి. ఆ పొద్దున మామయ్య ఎవరినీ పిలవకుండానే మడికి వెళ్ళాడు. వెనకే కోడలు పాపని చంకనేసుకుని, ఆ వెనక అత్తయ్య. ఆయన గట్టు మూల నుంచి మొదలుపెట్టాడు. ఒక్కో కంకి మెడనీ రెండు వేళ్ళతో పట్టి చూశాడు. మూలన కొన్ని నల్లబడి విరిగి ఉన్నాయి. చేతిలో తాలు పొడిలా రాలింది. ఆయన లోపలికి నడిచాడు. వంగి పట్టుకున్నాడు, వదిలాడు. ఇంకొంచెం లోపలికి. పట్టుకున్నాడు, వదిలాడు. మడి మధ్యలో వీళ్ళకి వీపు పెట్టి నిలబడ్డాడు.

"మూల పోయింది," అన్నాడు తిరిగొచ్చి. "మిగతాది నిలబడింది."

అంతే అన్నాడు. ఇంటికి వచ్చాక తిన్నగా గుమ్మం పక్కకి వెళ్ళి పంపు చేతిలోకి తీసుకున్నాడు. కోడలు గబగబా ఎదురొచ్చింది.

"ఎక్కడికి మామయ్యా?"

"ఎక్కడికీ కాదు. ఇది పెద్ద పంపు, చల్లడానికి తొందరగా అవుతుంది. మీ అత్త కడిగి ఇస్తే మీ పురుగులకే వాడుకోవచ్చు కదా అని." భార్య వైపు చూశాడు. "ఏమంటావు? నువ్వు కడగలేనిది లోకంలో ఉందా?"

అత్తయ్య పంపు అందుకుంది. మూత విప్పి వాసన చూసింది. ముఖం పక్కకి తిప్పుకుంది. ఆ వాసన ఇన్నేళ్ళూ ఆయన చొక్కాల్లో ఉతికిన వాసన, ఆయన పక్కన పడుకుని పీల్చిన వాసన. పంపుని తీసుకెళ్ళి వీధిగేటు బయట, పాత ఇనుము వాడికి కనపడేలా పెట్టేసింది. తిరిగొచ్చి చేతులు మోచేతుల దాకా తోముకుంది.

"ఉంది," అంది, నీళ్ళ చప్పుడులోనే. "అది నేను కడగను."

మామయ్య తల వంచుకుని అరుగు మీద కూర్చున్నాడు, మెల్లగా ఊపిరి పీల్చుకుంటూ. కోడలు అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా పొంగింది. పాపని గుండెకి అదుముకుని, అత్తయ్య భుజానికి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

"అత్తయ్యా, ఆ రోజు నేను అలా అనకుండా..."

"నువ్వన్నావు, నేనూ అన్నాను. పోనీలే." అత్తయ్య కొంగుతో ఆమె ముఖం తుడిచింది, ముక్కు తుడిచింది, పాపకి తుడిచినట్టే గట్టిగా. తర్వాత ఆ కొంగు వైపు చూసుకుని ముఖం చిట్లించింది.

"ఇక ఏడుపు చాలు. వెళ్ళి చేతులు కడుక్కో. డ్రమ్ముకి గుడ్డ మార్చాలి."